నెట్టీ బోయ్కో వంతు

నెట్టీ బోయ్కో యాభై ఎనిమిదో ఏట మొదటిసారి స్కేట్లు కట్టుకుని మంచు మీదికి దిగింది. ఆ రోజు నేనక్కడే ఉన్నాను. రెండో అడుగుకే వెల్లకిలా పడింది. లేచింది, మళ్ళీ పడింది. చిన్నపిల్లలు మంచు మీద నడక నేర్చుకోవడానికి తోసుకుంటూ తిరిగే ఇనుప చట్రం ఒకటి మూలనుంటే తెచ్చి ఇచ్చాను. ఐదేళ్ళ పిల్లల కోసం చేసింది, ఆవిడ నడుం దాకా కూడా రాదు. దాన్ని పట్టుకుని సగానికి వంగి గంటసేపు రింక్‌లో, ఆ మంచు మైదానంలో, చుట్టూ తిరిగింది. మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటూ నా వైపు చూసి, "నవ్వాలనుంటే నవ్వు వాల్ట్. పక్కటెముకలు నొప్పని నేనే నవ్వట్లేదు," అంది.

మా పైన్ రిడ్జ్‌లో నెట్టీని ఎరగనివాళ్ళు లేరు. రైలు పట్టాల పక్కనున్న ధాన్యం గోదాములో తూకం ఆవిడదే. కోతల రోజుల్లో గోధుమ లారీలు ఊరి చివరిదాకా వరుస కడతాయి. వరుస తప్పి ముందుకొచ్చిన లారీని, అది సొంత అన్నదైనా సరే, వెనక్కి పంపించేది. నేను ఈ ఊళ్ళో పాతికేళ్ళుగా ఉత్తరాలు పంచుతున్నాను. ఆవిడ కిటికీ దగ్గర కవర్లు ఇచ్చేటప్పుడు రెండు మాటలు మాట్లాడుకోవడం తప్ప అంతకుముందు మా మధ్య పెద్ద పరిచయం లేదు.

ఆవిడకి ముగ్గురు అన్నలు. ముగ్గురూ హాకీ ఆడినవాళ్ళే. ఆడపిల్లలు ఆడకూడదని ఇంట్లో ఎవరూ ఆవిడతో అనలేదట. అనాల్సిన అవసరమే రాలేదట. అన్నల స్కేట్ల తాళ్ళు బిగించడం, తడిసిన మేజోళ్ళు పొయ్యి మీద ఆరబెట్టడం, రింక్ క్యాంటీన్‌లో అమ్మ పక్కన నిలబడి బంగాళదుంప కూరిన కుడుముల్లాంటి పెరోగీలు ఉడికించి అమ్మడం ఆవిడ పని. క్యాంటీన్ కిటికీలోంచి రింక్ సగమే కనబడుతుంది. "రెండో సగంలో ఏం జరిగేదో జనం అరుపుల్ని బట్టి ఊహించుకునేదాన్ని," అని ఒకసారి నాతో అంది. బాధపడుతూ చెప్పలేదు. లారీ బరువు చెప్పినట్టు చెప్పింది.

అన్నలు ముగ్గురికీ మోకాళ్ళు అరిగిపోయాక, నెట్టీకి మనవలు పుట్టాక, ఒక అక్టోబరులో వెరా ఫ్రీసెన్ సరుకుల కొట్టులో ఒక కాగితం అంటించింది. ఎప్పుడూ ఆడనివాళ్ళ కోసం, చిన్నప్పుడే ఆట ఆగిపోయినవాళ్ళ కోసం ఆదివారాలు పొద్దున్న హాకీ లీగు మొదలుపెడుతున్నామని, ఆడవాళ్ళయినా మగవాళ్ళయినా ఏ వయసువాళ్ళయినా రావచ్చని. వెరా మాలో సగం మందికి ఐదో తరగతి టీచరు. రిటైరైనా మా తప్పులు దిద్దడం మాత్రం మానలేదు. నియమాలన్నీ ఒకే పేజీలో టైపు చేసి, ప్లాస్టిక్ కవరు తొడిగి, క్యాంటీన్ పక్క గోడకి మేకు కొట్టి తగిలించింది. ఒంటితో ఒకరినొకరు గుద్దకూడదు. కర్ర నడుం దాటి పైకి లేవకూడదు. పెద్ద లీగుల్లో ఆడినవాళ్ళకి ఇందులో చోటు లేదు. వీటన్నిటికంటే పైన, మొదటి నియమంగా, రెండే వాక్యాలు: వచ్చిన ప్రతి ఒక్కరూ ఆడతారు. వంతులు సమానం.

మా జట్టు పేరు కుందేళ్ళు. కెప్టెన్ గార్త్ మెక్‌ఫెయిల్. ట్రాక్టర్ల విడిభాగాలు అమ్మే కొట్లో పనిచేస్తాడు, నలభై దాటాయి. గార్త్‌ని చెడ్డవాడు అనడానికి నాకు నోరు రాదు. ఆటలో దెబ్బ తగలకుండా వేసుకునే కవచాల్లో నెట్టీకి సరిపోయే పాతవన్నీ ఊరంతా తిరిగి పోగుచేసి తెచ్చిచ్చింది అతనే. ఫిలిప్పీన్స్ నుంచి వచ్చి మా ఆసుపత్రిలో నర్సుగా చేస్తున్న రెనాటో స్కేట్లకి ప్రతి శనివారం పదును పెట్టిచ్చేది కూడా అతనే. కాని ఓడిపోవడం అతని వల్ల కాదు. ఓడిన రోజు కవచాలు విప్పకుండా గంటసేపు గోడని చూస్తూ కూర్చునేవాడు. పదహారేళ్ళప్పుడు ఊరి కుర్రాళ్ళ జట్టులోంచి అతన్ని తీసేశారు. ఆ మాట ఎవరు ఎత్తినా లేచి వెళ్ళిపోయేవాడు.

గోలు కాసే మనిషి కాక మేం పదిమందిమి. ఐదుగురు ఆడుతుంటే ఐదుగురు బెంచి మీద ఉంటాం. రెండేసి నిమిషాలకొకసారి వంతు మారుతుంది. ఎవరూ గడియారం చూడరు. కెప్టెన్ కేకేస్తే మారతాం. గార్త్, నేను, ఇంకో ముగ్గురం మొదటి ఐదుగురం, కాస్త నిలబడగలిగినవాళ్ళం. నెట్టీ, రెనాటో, రొట్టెల దుకాణం కొలెట్, మరో ఇద్దరు రెండో వంతు. రెండు సీజన్లు ఇలాగే సాగింది. మేం గెలిచింది తక్కువ, ఓడింది ఎక్కువ. నెట్టీ ఆ రెండేళ్ళలో వెనక్కి జారడం నేర్చుకుంది, పక్‌ని, ఆ నల్లటి రబ్బరు బిళ్ళని, కర్రతో ఆపడం నేర్చుకుంది. ఒక్క గోలు కూడా వేయలేదు. గోలు సంగతి అడిగితే, ఎదుటివాళ్ళు వేయకుండా ఆపడం ఇంకా ఇష్టమనేది.

మూడో సీజన్‌లో ఎందుకో మాకు కలిసొచ్చింది. వరసగా గెలిచాం. సెమీఫైనల్ దాకా వెళ్ళాం. అక్కడే మొదలైంది అసలు గొడవ.

సెమీఫైనల్ చివరి పది నిమిషాల్లో గార్త్ కొలెట్‌నీ రెనాటోనీ మంచు మీదికి దింపలేదు. వాళ్ళ వంతు వచ్చినప్పుడల్లా మొదటి ఐదుగురిలోంచి ఇద్దర్ని అరనిమిషం కూర్చోబెట్టి మళ్ళీ పంపాడు. ఆ ఇద్దరిలో ఒకణ్ణి నేనే. రొప్పుతూ వెళ్ళాను, ఒప్పుకుంటున్నాను, ఇష్టంగానే వెళ్ళాను. ఒక్క గోలు తేడాతో గెలిచాం. బట్టలు మార్చుకునే గదిలో అందరూ భుజాలు చరుచుకుంటుంటే, నెట్టీ ఒక్కతే గార్త్ ముందు నిలబడి ఆ ఇద్దరి వంతులు ఏమయ్యాయని అడిగింది. గార్త్ నవ్వేసి, గెలిచాం కదా అన్నాడు. రెనాటో కూడా సర్దిచెప్పబోయాడు, తన మోకాలికి విశ్రాంతి దొరికింది, మంచిదే అన్నాడు. కొలెట్ తలొంచుకుని తాళ్ళు విప్పుకుంటూ ఉండిపోయింది. నన్ను అడిగితే నేను సంచీ సర్దుకుంటున్నట్టు నటించాను.

నెట్టీ మా అందరివైపూ ఒకసారి చూసి గార్త్‌తో అంది: "నీకు ముందే చెప్తున్నా, తర్వాత చెప్పలేదనకు. ఫైనల్లో నా వంతు వస్తే నేను దిగుతా. నువ్వు కేకేసినా, వెయ్యకపోయినా."

గార్త్ అది హాస్యమనుకున్నాడు. నిజం చెప్పొద్దూ, నేనూ అనుకున్నాను.

ఫైనల్ మార్చి ఆఖరి ఆదివారం పొద్దున్న పదకొండింటికి. పక్క ఊరు హార్లన్ జట్టుతో. బయట మంచు కరిగి రోడ్లన్నీ బురద. రింక్ రేకుల షెడ్డులో సందుల్లోంచి ఎండ చారలు చారలుగా పడుతోంది. మెట్లమీద నూటయాభై మంది దాకా కూర్చున్నారు, మా లీగుకి అది జాతరకింద లెక్క. నెట్టీ అన్నలు ముగ్గురూ దుప్పట్లు కప్పుకుని పై మెట్టు మీద ఉన్నారు. వెరా ఎప్పట్లాగే గాజు అద్దం వెనక గడియారం దగ్గర. రిఫరీ రాయ్, దగ్గర్లోని క్రీ ఆదివాసుల పల్లె మనిషి, స్కూలు బస్సు నడుపుతాడు. ఎవరెంత అరిచినా మొహంలో ఒక్క గీత కదలదు.

రెండు భాగాలయ్యేసరికి చెరి రెండు గోల్స్. మూడోభాగం, ఆఖరిది, మొదలయింది. మొదటి వంతు మా ఐదుగురిది, తర్వాతది నెట్టీవాళ్ళ ఐదుగురిది కావాలి. గార్త్ రెండో ఐదుగురిలోంచి ఇద్దర్నే పిలిచాడు. నెట్టీ, రెనాటో, కొలెట్ అలాగే కూర్చున్నారు. మేం ముగ్గురం ఊపిరి అందకుండానే మళ్ళీ దిగాం. ఆ తర్వాతి వంతూ అంతే. దాని తర్వాతా అంతే.

నేను బెంచి దగ్గరికి వచ్చినప్పుడల్లా నెట్టీ వేళ్ళు చూశాను. చేతి కవచం తీసేసి మోకాలి మీద వేళ్ళు మడుస్తోంది. మూడు మడిచింది.

ఇంకా ఏడు నిమిషాలుంది. నాలుగోసారి తన వంతు వచ్చే సమయానికి నెట్టీ లేచి బెంచి ముందున్న చెక్కగోడ తలుపు దగ్గర నిలబడింది. గార్త్ మంచుమీద నుంచే, కూర్చోమని చెయ్యి ఊపాడు. ఆవిడ కదల్లేదు. "నెట్టీ, ఇప్పుడు కాదు. కూర్చో," అన్నాడు గట్టిగా. ఆవిడ హెల్మెట్ పట్టీ బిగించుకుంది. ఆవిడ స్థానంలో ఆడుతున్నది నేను. నావైపు చూసి రమ్మన్నట్టు తలూపింది. పక్ నా దగ్గర్లోనే ఉంది. నేను గార్త్‌ని చూశాను, ఆవిడ్ని చూశాను, గోడమీద పిల్లిలా అటూ ఇటూ కాకుండా ఆగాను.

నెట్టీ తలుపు తీసుకుని దిగింది.

ఐదుగురు ఉండాల్సిన చోట ఆరుగురమయ్యాం. రాయ్ విజిల్ ఊదాడు. మనుషులు ఎక్కువైనందుకు రెండు నిమిషాల శిక్ష అని చేతులతో చూపించాడు. అంటే మాలో ఒకరు వెళ్ళి శిక్ష బెంచి మీద కూర్చోవాలి, ఆ రెండు నిమిషాలూ మేం నలుగురమే ఆడాలి. ఫైనల్లో, గోల్స్ సమానంగా ఉన్నప్పుడు.

మెట్లమీంచి కేకలు మొదలయ్యాయి. ముసల్దాన్ని ఇంటికి పంపమని ఎవరో అరిచారు. ఆ అరిచినవాడివైపు పై మెట్టునుంచి పెద్దన్న దుప్పటి తీసి లేచి నిలబడ్డాడు, అరుపు ఆగింది. గార్త్ ఒంటికాలి మీద లేచాడు. మొహం ఎర్రగా కందిపోయింది. నెట్టీకి వేలు చూపించి, శిక్ష నీదే, వెళ్ళి కూర్చో, ఆట నాశనం చేశావన్నాడు.

నెట్టీ కర్ర నేలకి ఆనించి నిలబడింది. గొంతు పెంచలేదు. కాని పై మెట్టుదాకా అందరికీ వినబడింది.

"నేను నా వంతులో దిగాను గార్త్. ఇక్కడ ఎక్కువైంది నేను కాదు. వంతు అయిపోయినా పోనివాళ్ళు ఎక్కువయ్యారు."

గార్త్ రాయ్ వైపు తిరిగి ఈవిడ్ని పంపమన్నాడు. రాయ్ భుజాలెగరేసి, "ఎవరో ఒకరు కూర్చోండి. ఎవరన్నది మీ ఇష్టం. నాకు మధ్యాహ్నం భోజనానికి వెళ్ళాలి," అన్నాడు.

ఆ ఎక్కువైన మనిషి ఎవరో నాకు తెలుసు. మూడుసార్లు ఆవిడ చోటు తిన్నవాణ్ణి నేనే. ఇది గొప్పకి చెప్పడం లేదు. ఇంకో క్షణం ఆగి ఉంటే నాకు ఆ పాటి ధైర్యం కూడా వచ్చేది కాదేమో. నేను వెళ్ళి ఆ గాజు అద్దాల వెనక శిక్ష బెంచి మీద కూర్చున్నాను. గార్త్ నన్ను ఒక మాట అన్నాడు. ఆ మాట ఇక్కడ రాయను. తర్వాత అతను మంచు మీంచి బయటికొచ్చి మా బెంచి చివర కూర్చుని హెల్మెట్ తీసి కాళ్ళ దగ్గర పడేశాడు. మీరే ఆడుకోండి అన్నాడట.

ఆ రెండు నిమిషాలు నేను గాజు వెనక నుంచి చూశాను. నెట్టీ, ఇంకో ముగ్గురు. హార్లన్ వాళ్ళు ఐదుగురూ మా గోలు మీదికి వచ్చేశారు. వాళ్ళ కెప్టెన్ మార్గో, పాడి రైతు, నిలువెత్తు మనిషి. ఆవిడ బలంగా కొట్టిన పక్ నెట్టీ మోకాలి కింద తగిలింది. ఆ శబ్దం గాజుదాకా వచ్చింది. నెట్టీ మోకాళ్ళమీద కూలబడి, అలా కూర్చునే కర్ర చాచి పక్‌ని దూరంగా తోసింది. లేచింది. కుంటుతూ మళ్ళీ గోలు ముందుకొచ్చి నిలబడింది. ఇంకోసారి ఆపింది. నిమిషమున్నర దాటింది. నేను గాజుమీద పిడికిళ్ళతో బాదుతున్నానని నాకే తెలియలేదు.

ఆఖరి పదిహేను సెకన్లలో గోలు పడింది. ఎవరి తప్పూ కాదు. ఇద్దరి కాళ్ళ మధ్యనుంచి ఎలాగో దూరింది.

మిగిలిన ఐదు నిమిషాలూ కొలెట్ వంతులు పిలిచింది. ఆవిడ అంతకుముందు జట్టులో గట్టిగా మాట్లాడగా నేను వినలేదు. గోడ గడియారం చూసి, రెండు నిమిషాలు కాగానే పేరుపేరునా పిలిచింది. గార్త్‌ని కూడా పిలిచింది. అతను కదల్లేదు. అతని బదులు ఎవరో ఒకరు వెళ్ళాం. రెనాటో కొట్టిన పక్ గోలు కమ్మీకి తగిలి టంగుమని మోగి బయటికి వచ్చింది. రెండుకి మూడు. ఓడిపోయాం.

ఆట అయ్యాక రెండు జట్లూ వరసగా నిలబడి చేతులు కలపాలి. అది వెరా రాసినది కాదు, మా తాతల నాటిది. గార్త్ ఆ వరసలోకి రాలేదు. మార్గో నెట్టీ దగ్గరికొచ్చినప్పుడు చెయ్యి వదలకుండా, కాలెలా ఉంది అని అడిగింది. వాచింది, పాలు పితకడానికి మాత్రం పిలవకు అంది నెట్టీ. ఇద్దరూ నవ్వారు.

గదిలోకి వెళ్ళాక ఆ నవ్వులేవీ లేవు. గార్త్ మధ్యలో నిలబడ్డాడు. నెట్టీ ఒక్కదాని మొండితనం వల్ల పదిమంది ఆర్నెల్ల కష్టం నీళ్ళపాలయిందని, జట్టుకి ఆవిడ క్షమాపణ చెప్పాలని అన్నాడు. ఇద్దరు ముగ్గురు తలలూపారు. వాళ్ళనీ తప్పుపట్టలేను, కప్పు గెలవడం అందరికీ ఆశే. నెట్టీ వాచిన కాలు బల్లమీద చాపుకుని దానిమీద మంచుగడ్డల సంచి పెట్టుకుని ఉంది.

"చెప్పను," అంది.

ఆవిడ అలిగిందనో కోపమనో అనుకునే వీల్లేకుండా అంది. వర్షం వస్తుందా అంటే రాదన్నట్టు.

"గెలవాలని నాకు లేదనుకున్నావా? మీ అందరికంటే నాకే ఎక్కువుంది. కాని నన్ను బెంచిమీద కూర్చోబెట్టి గెలిస్తే అది నువ్వు గెలిచినట్టు. నేను మళ్ళీ పెరోగీలు అమ్మినట్టు. నాకు ఆ గెలుపు వద్దు."

అప్పుడు రెనాటో నెమ్మదిగా నోరు విప్పాడు. సెమీఫైనల్లో తన మోకాలికి ఏమీ కాలేదని, అబద్ధం చెప్పానని, ఇంటికెళ్ళాక భార్య ఎలా ఆడావని అడిగితే బాగా ఆడానని ఇంకో అబద్ధం చెప్పానని అన్నాడు. గార్త్ సంచీ తీసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

ఊరు రెండుగా చీలింది. కాఫీ కొట్టులో నెట్టీ వస్తే కొందరు మాట ఆపేసేవాళ్ళు. ఇరవై ఏళ్ళుగా ఆవిడ దగ్గర తూకం వేయించుకున్న ఒక రైతు, ఇవాళ తూకం మీద నా లారీతోపాటు ఇంకో లారీ కూడా ఎక్కిస్తావా అని ఎగతాళి చేశాడట. ఎక్కించను, నీ వంతు వచ్చేదాకా నువ్వూ ఎక్కవు అందట. నేను ఉత్తరాలు పంచుతూ ఇంటింటా ఈ కథ విన్నాను, ఇంటింటా ఒక్కో రకంగా. ఒక ఇంట్లో నెట్టీ గార్త్‌ని కర్రతో కొట్టింది కూడా.

మే నెలలో లీగు సమావేశం గ్రంథాలయంలో జరిగింది. గార్త్ ఒక ప్రతిపాదన తెచ్చాడు: సెమీఫైనల్లో, ఫైనల్లో చివరి భాగానికి మొదటి నియమం వర్తించకూడదు, ఎవర్ని ఆడించాలో కెప్టెన్ ఇష్టం. బాగానే మాట్లాడాడు. చివరిదాకా అందరూ ఆడి ఓడడం ఎవరికి సంతోషమని అడిగాడు. కొందరు చప్పట్లు కొట్టారు. వెరా కళ్ళజోడు పైనుంచి అతన్ని చూసి, ఇంకెవరైనా మాట్లాడతారా అంది.

నెట్టీ లేచింది. కాగితమేమీ తేలేదు.

"ఆ నియమం తేలిగ్గా గెలుస్తున్న రోజు కోసం రాసింది కాదు. తేలిగ్గా ఉన్నప్పుడు అందర్నీ ఎవరైనా ఆడిస్తారు. కష్టంగా ఉన్న రోజు కోసమే రాసింది. ఆ రోజు దాన్ని తీసేస్తే ఇంక గోడకి మేకెందుకు?" అంది. తర్వాత గార్త్ వైపు తిరిగింది. "పదహారేళ్ళప్పుడు నిన్ను జట్టులోంచి తీసి కూర్చోబెట్టినవాళ్ళు కూడా గెలవాలనే కూర్చోబెట్టారు. అది సరైన పనే అనిపించిందా నీకు?"

గార్త్ లేచి వెళ్ళిపోతాడనుకున్నాను. వెళ్ళలేదు. చేతుల్లో టోపీ నలుపుతూ కూర్చున్నాడు.

ఓట్లు లెక్కపెట్టారు. ప్రతిపాదన నాలుగు ఓట్ల తేడాతో ఓడింది. నెట్టీ అక్కడితో ఊరుకోలేదు. ఇక వంతులు కెప్టెన్ నోటిమీద ఉండకూడదంది. రెండు నిమిషాలకొకసారి గడియారం దగ్గర గంట కొట్టాలి, గంట వినగానే పక్ ఎక్కడుంటే అక్కడ వదిలేసి ఐదుగురూ బయటికొచ్చేయాలి, కొత్త ఐదుగురు దిగాలి అంది. అదేం హాకీ, బడి గంటా అని వెనకనుంచి ఎవరో గొణిగారు. బడి గంట కొట్టిన చెయ్యి నాది, ఇప్పటికీ పనిచేస్తుంది అంది వెరా. ఆ గంట నియమం రెండే ఓట్ల తేడాతో నెగ్గింది.

గార్త్ జట్టు వదిలేస్తాడని అందరూ అన్నారు. నవంబరులో వచ్చాడు. కెప్టెన్‌గా కొలెట్‌ని ఎన్నుకున్నాం. అతను వద్దనలేదు, కావాలనలేదు. ఆ ఏడు ఇంకో ఐదుగురు కొత్తగా చేరడంతో రెండు వంతుల జట్టు మూడు వంతులయింది. నెట్టీతో రెండు నెలలు మాట్లాడలేదు. అయినా ఆవిడ స్కేట్లకి పదును తగ్గిందని కనిపెట్టి ఒక శనివారం తీసుకెళ్ళి పట్టించి తెచ్చాడు. సంచీలో పెట్టేసి పోయాడు. ఆవిడా థాంక్స్ చెప్పలేదు.

జనవరిలో ఒక ఆదివారం హార్లన్‌తో ఆడుతున్నాం, ఒక గోలు వెనకబడి ఉన్నాం. గార్త్ ఒక్కడే పక్‌తో వాళ్ళ గోలు ముందుకి దూసుకెళ్తుండగా వెరా గంట కొట్టింది. అతను ఒక్క క్షణం ఆగాడు. తర్వాత పక్‌ని అక్కడే వదిలేసి, కర్రతో మంచుని ఒకసారి గట్టిగా కొట్టి, వెనక్కి వచ్చాడు. ఆ తర్వాతి గంటకి ముందు బెంచిమీద అతనూ నెట్టీ పక్కపక్కన పడ్డారు. నేను ఇవతల ఉన్నాను.

"పోయినేడు కప్పు నీ వల్లే పోయింది," అన్నాడు గార్త్ ముందుకే చూస్తూ. రెండు నెలల్లో అదే మొదటి మాట.

"తెలుసు."

"కొంచెం కూడా బాధ లేదా?"

"ఓడినందుకు ఉంది. దిగినందుకు లేదు," అంది నెట్టీ. "కావాలంటే నన్ను మళ్ళీ కూర్చోబెట్టి చూడు. మళ్ళీ దిగుతా."

గార్త్ ఏదో అనబోయాడు. గంట మోగింది. నెట్టీ లేచింది. అతను మోకాళ్ళు పక్కకి తిప్పి ఆవిడకి దారిచ్చాడు.